మూడో గుంత కాడి నల్లబండ

కర్నూలు దాటి కోడుమూరు రోడ్డులో రొంత దూరం పోయి ఎడమకు తిరిగితే దేవేంద్రప్ప గోల్ఫ్ గ్రౌండు వస్తుంది. నవ్వేవాళ్ళు నవ్వుకోండప్పా, మాకేం నష్టం లేదు. ఆ నేలలో కంది వేస్తే రాలేదు, ఆముదం వేస్తే రాలేదు, బోరు వేస్తే దుమ్ము లేచింది. ఇంక దాన్ని ఏం చేయాలో తోచక అల్లాడుతుండగా దేవేంద్రప్ప బెంగళూరులో చుట్టాలింటికి పోయినాడు. వాళ్ళు తీసుకుపోయి గోల్ఫ్ చూపించినారు. ఆయన ఆ పచ్చదనమంతా కండ్లారా చూసి, "ఇన్ని నీళ్ళు పోసి గడ్డి పెంచినారు, మేసేదానికి ఒక్క ఎనుము గూడా లేదే" అని బాధపడి, ఊరికొచ్చి గడ్డి లేకుండానే తొమ్మిది గుంతల గ్రౌండు వేసినాడు. గుంత చుట్టూ జల్లెడ పట్టిన ఇసుకలో వాడేసిన ఇంజను ఆయిలు కలిపి తొక్కిస్తే నున్నగా అణిగిపోతుంది. బంతి దాని మీద బాగానే దొర్లుతుంది.

ఒక్కో గుంతకు ఆట మొదలుపెట్టే చోట్లు మూడు. అన్నిటికన్నా వెనక కడప నల్లబండ. రొంత ముందర బేతంచెర్ల తెల్లరాయి. ఇంకా ముందర, గుంతకు దగ్గరగా, ఒక ఎర్ర ఇటుక. ఆట చదువుకున్నోళ్ళు వీటిని టీలు అంటారంట, ఇక్కడ మాత్రం అందరూ రాళ్ళనే అంటారు. ఎవరు ఏ రాయి కాడ నిలబడాలో దేవేంద్రప్ప ఎప్పుడూ చెప్పలేదు. ఎవరూ చెప్పకపోయినా అందరికీ తెలుసు. మగోడైతే నల్లబండ. డెబ్బై దాటినోళ్ళకు, ఆట తెలియని చుట్టాలకు తెల్లరాయి. ఆడోళ్ళకు, పిల్లోళ్ళకు ఎర్ర ఇటుక. కొట్టిన బంతి పది అడుగులు కూడా పోని మగోడు సైతం మీసం సవరించుకుంటా నల్లబండ కాడికే పోతాడు.

ఉమామహేశ్వరకు కర్నూలులో డ్రిప్పు పైపుల అంగడి ఉంది. వారమంతా రైతులతో, కంపెనీవాళ్ళతో గొంతు చించుకుంటాడు. ఆదివారం పొద్దున మాత్రం ఆయన బావ తిమ్మయ్య సొంతం. తిమ్మయ్య అంటే అక్క సుబ్బక్క మొగుడు. అక్క పెండ్లి నాటికి ఉమామహేశ్వర నిక్కరేసుకుని ముక్కు కార్చుకుంటా తిరిగేవాడు. వాణ్ణి సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పింది బావ. బాయిలో తోసి ఈత నేర్పింది బావ. అంగడి పెట్టమని వెన్ను తట్టింది బావ. యాభై దాటినాక ఈ పిచ్చి ఆట అంటించింది కూడా బావే. బావ పక్కన లేని ఆదివారం ఉమామహేశ్వరకు ఉప్పు లేని సంగటి.

అట్లాంటి తిమ్మయ్య నిరుడు స్నానాల గదిలో జారి పడినాడు. కుడి భుజం విరిగింది. ప్లేటు వేసి, కట్టు కట్టి, నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టినారు. కట్టు విప్పినాక చేయి ఎదరొమ్ము దాకా లేస్తుంది, ఆపైకి లేవనంటుంది. డాక్టరు ఇంతకన్నా రాదన్నాడు. తిమ్మయ్య ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మళ్ళీ గ్రౌండుకు వచ్చి, పోయి నల్లబండ కాడ నిలబడినాడు.

మొదటి గుంత, రెండో గుంత ఎట్లనో ఈడ్చుకొచ్చినాడు. మూడో గుంత కాడ పెద్ద వంక అడ్డం, వానొస్తేనే పారే వాగు. నల్లబండ వంకకు ఈవల ఎంతో దూరంలో ఉంది, తెల్లరాయి వంక ఒడ్డున, ఎర్ర ఇటుక ఆవలి పక్క. తిమ్మయ్య ఒకప్పుడు వంకను చూడకుండానే దాటించేవాడు. ఇప్పుడు కొట్టిన బంతి కొట్టినట్టే కంపచెట్లలో పడింది. ఇంకోటి పెట్టినాడు, అదీ పడింది. జేబులో ఉన్న బంతులన్నీ వంకకు సమర్పించినాడు. ఆయన్ను ఆటపట్టించడానికి ఆదివారం దాకా కాచుకునే మనుషులు అంతమంది ఉండి ఒక్కడూ నోరు తెరవలేదు. అదే తిమ్మయ్యకు ఎక్కువ కుట్టింది.

ఆ తరువాతి వారం కూడా అంతే. మూడో వారం కారు దిగేటప్పుడు ఉమామహేశ్వర మెల్లగా అన్నాడు: "బావా, ఆ మూడో గుంత ఒక్కదానికి తెల్లరాయి కాడ నుంచి కొట్టరాదా?"

"ఏం, నన్ను డెబ్బై దాటించేస్తాండావా? అంత తొందరుందా నీకు?" అని నవ్వినాడు తిమ్మయ్య. నోరు నవ్వింది, కండ్లు నవ్వలేదు. ఇంటికి పోయేటప్పుడు, "వచ్చే వారంతో సరి ఉమా. ఇంక ఆదివారాలు నాకు వేరే పనులుండాయి" అన్నాడు. ఆదివారం పూట ఆయనకుండే పనులేందో ఉమామహేశ్వరకు తెలియదా? పేపరు చదివి, అది మడిచి, మళ్ళీ విప్పి చదవడమే.

వారమంతా ఉమామహేశ్వర అంగట్లో మనిషి కాదు. ఒకనికి అరంగుళం పైపుల బదులు రెండంగుళాలవి కట్టి పంపించినాడు. బావ రాకపోతే ఆట పోతుంది, ఆట పోతే పొద్దున కలిసి టిఫిను పోతుంది, కార్లో తిట్టుకుంటా పోవడం పోతుంది, ఆ మనిషి ఒక గదిలో ముడుచుకుని ముసలోడైపోతాడు. అది ఆయన తట్టుకోలేడు. అందుకని శనివారం సాయంత్రం ఎవరికీ చెప్పకుండా గ్రౌండుకు పోయి, గడ్డపారతో మూడో గుంత నల్లబండను పెళ్ళగించి, నెట్టీ దొర్లించీ తెల్లరాయికి దగ్గర్లోకి తెచ్చి వేసినాడు. నడుం పట్టేసింది. పట్టితే పట్టనీలే అనుకుంటా సంతోషంగా ఇంటికి పోయినాడు.

పొద్దున తిమ్మయ్య వచ్చి బండ కాడ నిలబడి కొట్టినాడు. బంతి వంక మీదుగా ఎగిరి ఆవలి గట్టు మీద పడింది. అందరూ ఈలలు వేసినారు. దేవేంద్రప్ప పరిగెత్తుకుంటా వచ్చి చేయి పట్టుకున్నాడు. తిమ్మయ్య మొగం చూడాల ఆ పొద్దు, వెలిగిపోయింది. "భుజం దారికొచ్చిందిరో" అంటా బామ్మర్ది వైపు తిరిగినాడు. బామ్మర్ది నడుం మీద చేయి వేసుకుని వంకరగా నిలబడి ఉన్నాడు.

"నడుముకేమాయ?"

"ఏం లేదు బావా. అంగట్లో పైపులు ఎత్తినా."

"నువ్వు పైపులెత్తేది ఎప్పట్నుంచి?" అని తిమ్మయ్య వాని అరచేతుల్లోని బొబ్బలు చూసినాడు. బండను చూసినాడు. తరువాత తిరిగి వెనక్కి నడిచి, పాత చోటు కాడ ఆగినాడు. బండ ఉన్న మేర నేల తెల్లగా, చదరంగా, చీమలు పాకుతా కనబడింది. ఆయన చానాసేపు దాన్నే చూస్తా నిలబడినాడు.

రాయి జరపడమంటే వీళ్ళ ఇండ్లల్లో చిన్న సంగతి కాదు. ఉమామహేశ్వర వాళ్ళ నాయినకూ, పక్క చేని సుబ్బయ్యకూ ఒక్క సాలు దగ్గర మొదలైన తగాదా రెండిండ్ల మధ్య మాటలే లేకుండా చేసింది. ఒకరి పెండ్లికి ఒకరు పోలేదు, సావుకు పోలేదు. తిమ్మయ్య అల్లుడుగా వచ్చిన కొత్తలో, గొలుసు తెప్పించి, నలుగురిని కూర్చోబెట్టి చేను కొలిపించినాడు. హద్దురాయి జరిపింది మామే అని తేలింది. అత్తగారి ఊర్లో, నలుగురి ముందర, ఆ మాట తిమ్మయ్యే చెప్పి, తన చేతుల్తో రాయి మోసి పాత చోట పాతినాడు. మామ ఏడాది దాకా అల్లునితో మాట్లాడలేదు.

"మీ ఇంట్లో ఇది రొండోసారి ఉమా" అన్నాడు తిమ్మయ్య. గొంతు పెంచలేదు. బంతి కొట్టే కట్టెలు తీసి సంచిలో పెట్టుకుని, రోడ్డు దాకా నడిచి, ఆటో ఎక్కి వెళ్ళిపోయినాడు.

ఆ పొద్దే ఉమామహేశ్వర బండను మళ్ళీ పాత గుంటలోకి చేర్చినాడు. ఇంకొకరు సాయం పడతామన్నా పట్టనీయలేదు. తప్పు చేసినప్పుడు ఒంటరిగానే చేసినాడు, దిద్దేటప్పుడు మాత్రం కూలోళ్ళెందుకు?

ఫోను చేస్తే బావ ఎత్తడు. ఇంకో ఆదివారం వచ్చింది, పోయింది. ఉండబట్టలేక ఒక సాయంత్రం అక్క ఇంటికి పోయినాడు. వీడు గడప తొక్కగానే లోపలి గదిలో టీవీ గొంతు పెరిగింది. సుబ్బక్క తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచి, పీట వేసి, జొన్నరొట్టె ముందర పెట్టింది.

"తిను. తింటా విను" అంది. "రాయి జరిపినావని అందరి ముందరా తల తీసేసినట్టాయ ఆయప్పకు. బంతి పడినప్పుడు గూడా అంత కాలేదు."

"ఆయన బాధ చూడలేక చేసినానక్కా."

"చూడలేకుంటే కండ్లు మూసుకోవాల గానీ, ఆయప్పను చిన్న పిల్లోణ్ణి చేస్తావా? పిల్లోళ్ళను ఆటలో గెలిపిస్తారు చూడు, అట్ల చేస్తివి నువ్వు." రొట్టె మీద వెన్న వేసింది, అడగకుండానే. "ఆ తెల్లరాయి కాడికన్నా పోరాదా అని నేను గూడా అడిగితి. ఒకసారి పోతే నేను తెల్లరాయోణ్ణే అయిపోతా సుబ్బీ, మళ్ళ ఎవరూ నన్ను వెనక్కి రానీరు అన్న్యాడు. అదీ ఆయప్ప భయం. మీరు రాళ్ళు వేసినారా, మనుషులకు నంబర్లు వేసినారా? నేను వంట చేస్తే ఒక పొద్దు కారం ఎక్కువేస్తా, ఒక పొద్దు తక్కువేస్తా. నా చేయి, నా ఇష్టం. మీ ఆటలో అదేం లేదా?"

ఉమామహేశ్వర రొట్టె నమలడం మానేసినాడు. లేదు కదా అనుకున్నాడు. ఎవరూ వద్దనలేదు, అయినా లేదు.

అక్కడ నుంచి నేరుగా దేవేంద్రప్ప కాడికి పోయినాడు. అక్కడ ప్రమీలారాణి మేడం కూడా ఉంది. ఆమె ఆడపిల్లల కాలేజీలో ఆటలు నేర్పించి రిటైరైన మనిషి, గ్రౌండు వ్యవహారాలు చూసేది ఆమే. ఉమామహేశ్వర చెప్పదలచుకున్నది ఒక్క ఊపున చెప్పేసినాడు: ప్రతి గుంత కాడా ఎవరి రాయి వాళ్ళే ఎంచుకోవాల. ఈ గుంతకు నల్లబండ అయితే ఆ గుంతకు ఇటుక, దాని పక్కదానికి మళ్ళీ నల్లబండ. మగ, ఆడ, ముసలి, పడుచు ఏం లేదు. ఎందుకు ఎంచుకున్నావని ఎవరూ అడగగూడదు.

దేవేంద్రప్ప తల గోక్కున్నాడు. "అట్లయితే గెలిచినోడెవరో ఎట్ల తెలుస్తాది?"

"గెలిచి ఏం చేస్తావప్పా? నీ గ్రౌండులో గెలిచినోడు గూడా చెప్పుల నిండా ఇసుకే తీసుకపోతాడు."

ప్రమీలారాణి నవ్వలేదు. ఏదో ఆలోచిస్తా, "ఎవరూ అడగకూడదు అన్నావు కదా, అది ఖాయమేనా?" అంది. ఖాయమే అన్నాడు ఉమామహేశ్వర. "అయితే నాకు ఒప్పుదల" అంది ఆమె. ఇంక దేవేంద్రప్ప ఒప్పుకోక ఏం చేస్తాడు?

ఆదివారం పొద్దున సుబ్బక్క జరీ అంచు చీర కట్టుకుని బయట నిలబడింది. "మీ ఆట ఏందో చూడాల. నువ్వొస్తే రా, లేకుంటే నేను ఆటోలో పోతా" అని మొగునితో అంది. ఇన్నేండ్ల కాపురంలో ఆమె ఆటోలో పోతానని బెదిరించి పోకుండా ఉన్నది ఎప్పుడూ లేదు. తిమ్మయ్య గొణుక్కుంటా కారు తీసినాడు. కట్టెల సంచి ఆమే వెనక సీట్లో పడేసింది.

గ్రౌండులో తిమ్మయ్య ఎవరితోనూ మాట్లాడకుండా వేపచెట్టు కింద కుర్చీ వేసుకున్నాడు. దేవేంద్రప్ప కొత్త పద్ధతి అందరికీ చెప్పినాడు. మగోళ్ళంతా ఒకరి మొగాలు ఒకరు చూసుకుని, ఎప్పటిమాదిరే నల్లబండ వైపు నడిచినారు. చెప్పినంత తేలికా మరి?

ఉమామహేశ్వర ఒక్కడే పోయి ఎర్ర ఇటుక కాడ నిలబడినాడు. గ్రౌండులో అందరికన్నా దూరం కొట్టే మనిషి, ఇటుక కాడ నిలబడి బావ వైపు ఓరగా చూస్తా కొట్టినాడు. బంతి గుంత దాటి, ఇసుక దాటి, కంచె దాటి, పక్క చేలో ఉల్లిగడ్డల మధ్య పడింది. జనం పడీ పడీ నవ్వినారు. తిమ్మయ్య నవ్వలేదు.

"నాకోసం వేషం వేస్తాండావా?" అన్నాడు, కుర్చీలోంచి లేవకుండానే. "మొన్న రాయి జరిపితివి, ఈ పొద్దు నువ్వే జరుగుతాండావు. రొండూ ఒకటే."

ఉమామహేశ్వర మొగం మాడిపోయింది. నిజమే. తాను ఇంకా బావను ఆడిస్తానే ఉన్నాడు. ఇంక నోరు మూసుకుని రెండో గుంతకు ఎప్పట్లాగే నల్లబండ కాడ నుంచి కొట్టినాడు, ఎవరి వైపూ చూడలేదు.

అందరూ మూడో గుంత కాడికి వచ్చినారు. సుబ్బక్క నడుస్తుంది కాబట్టి తిమ్మయ్య కూడా వెనకాలే వచ్చినాడు. ప్రమీలారాణి ముందర పోయి నల్లబండ కాడ బంతి పెట్టింది. ఇన్నేండ్లుగా ఇటుక కాడనే నిలబడి, అక్కడ నుంచే సగం మంది మగోళ్ళను ఓడిస్తా వచ్చిన ఆడమనిషి. దేవేంద్రప్ప ఏదో అనబోయి, పద్ధతి గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. ఆమె రెండుసార్లు గాల్లో ఊపి చూసుకుని కొట్టింది. బంతి వంక దాటింది, రొంతలో దాటింది, దాటడమైతే దాటింది. ఆమె ఎవరి వైపూ తిరగలేదు. కట్టె భుజాన వేసుకుని కొంగు సర్దుకుంటా పక్కకు వచ్చి, తిమ్మయ్య ముందర ఆగింది.

"పద్దెనిమిది ఏండ్లుగా మగోళ్ళు నిలబడే చోటు నుంచి కొట్టాలని ఉండె అన్నా" అంది. "ఈ గ్రౌండు లేనప్పుడు కూడా ఉండె, ఇంకో గ్రౌండులో."

తిమ్మయ్య సుబ్బక్క మోసుకొచ్చిన సంచి అందుకున్నాడు. దాంట్లోంచి ఒక కట్టె లాగినాడు. నల్లబండ కాడికి వచ్చి కాలితో నొక్కి చూసినాడు. బండ కదల్లేదు, పాత చోటులోనే గట్టిగా కూర్చుంది. తెల్లరాయిని చూసినాడు. వంక ఆవల ఇటుకను చూసినాడు. దేవేంద్రప్ప ఆకాశంలో మబ్బు వెతుక్కుంటున్నాడు, మిగతావాళ్ళు చెప్పుల్లో ఇసుక దులుపుకుంటున్నారు. ఉమామహేశ్వర లోపల్లోపల వెయ్యి మొక్కులు మొక్కుతున్నాడు. ఇటుక కాడికి పో బావా, అక్కడ నుంచి నీ చేయి చాలు, నిన్ను ఒక్క మాట ఎవరన్నా అంటే నాలుక చీరేస్తా.

తిమ్మయ్య నల్లబండ కాడనే బంతి పెట్టినాడు. చేయి ఎదరొమ్ము దాకా లేచింది. కొట్టినాడు. బంతి తక్కువ ఎత్తులో పోయి, వంక నడుమ కంపచెట్లలో పడింది.

అందరూ బిగుసుకుపోయినారు.  అయిపోయింది, ఇంక బావ ఈ గ్రౌండు మొగం చూడడు అనుకున్నాడు ఉమామహేశ్వర. అంతలో తిమ్మయ్య నవ్వినాడు. ముందు ముక్కుతో, తరువాత కడుపు పట్టుకుని, కండ్లల్లో నీళ్ళొచ్చేంతగా నవ్వినాడు.

"పడె సూడు" అన్నాడు. "ఈసారి నన్నెవరూ ఈడికి తోల్లేదు. పడతాదని తెలిసి నేనే వచ్చినా, నేనే వేసినా." పంచె ఎగ్గట్టుకుని వంకలోకి దిగినాడు. ఉమామహేశ్వర పట్టుకోబోతే సుబ్బక్క వాని చొక్కా వెనక్కి లాగింది.

"గమ్మునుండు" అంది. "ఆయప్ప బంతిని ఆయప్పే ఎత్తుకుంటాడు."

తిమ్మయ్య కంపలో చేయి పెట్టి, ముల్లు గీరుకుని, బంతితో ఆవలి గట్టెక్కినాడు. ఇటుక కాడ నుంచి మళ్ళీ కొట్టి గుంత ముగించి, నాలుగో గుంతకు అందరికన్నా ముందర నడిచినాడు. అక్కడ నల్లబండను దాటినాడు, తెల్లరాయిని దాటినాడు, పోయి ఎర్ర ఇటుక కాడ ఆగి, ఏదో రోజూ నిలబడే చోటు మాదిరి బంతి పెట్టినాడు. వెనక్కి తిరిగి చూడకుండానే, "ఉమా, రాయి ఎంచుకుంటావా లేదా? ఎండెక్కుతాండాది" అని కేకేసినాడు. అన్ని దినాల తరువాత ఆ నోట తన పేరు.

ఉమామహేశ్వరకు కండ్ల ముందర రాళ్ళన్నీ అలుక్కుపోయినాయి. నల్లబండ కాడ ఆగినాడు. ఆ గుంతకు అక్కడ నుంచి కొట్టడం ఆయనకు ఎంతో ఇష్టం. అయినా అక్కడ బంతి పెట్టలేదు, నడిచి నడిచి బావ పక్కకు వచ్చి ఇటుక కాడ తన బంతి పెట్టినాడు.

తిమ్మయ్య వాని వైపు ఎగాదిగా చూసినాడు. ఇది వేషమా అని అడగబోయినట్టు పెదవి కదిలింది. వాని మొగం చూసి అడగలేదు. రొంత పక్కకు జరిగి చోటిచ్చినాడు.